ఆదివారం ఎవరి వంతు: పెన్సిల్వేనియాలో వేట నిషేధం ఎలా తొలగిపోయింది

2025 జూలైలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర గవర్నర్ జాష్ షపీరో ఒక బిల్లుపై సంతకం చేశారు. 1873 నుంచి ఏదో ఒక రూపంలో కొనసాగుతూ వచ్చిన ఆదివారం వేట నిషేధం ఆ సంతకంతో రద్దయింది. ఆ ఏడాది సెప్టెంబరు 14 మొదలుకొని డిసెంబరు 7 వరకు వచ్చే 13 ఆదివారాల్లోనూ వేటాడవచ్చని, వేటను నియంత్రించే రాష్ట్ర సంస్థ గేమ్ కమిషన్ ప్రకటించింది. వారంలో ఒక రోజు వేట ఉండాలా వద్దా అన్న ప్రశ్న మీద ఒక రాష్ట్ర శాసనసభ ఏళ్ల తరబడి తర్జనభర్జన పడిందంటే దూరం నుంచి చూసేవారికి వింతగానే తోస్తుంది. ఆ వాదోపవాదాలను దగ్గరగా చదివితే మాత్రం దేవుడి ప్రస్తావన రానురాను తగ్గిపోవడం, జంతువుల ప్రస్తావన మొదటి నుంచీ తక్కువగానే ఉండడం, నేల ప్రస్తావన అడుగడుగునా ఎదురుకావడం కనిపిస్తుంది. ఒకే కాలువ కింద పొలాలున్న రైతులు నీటికి వంతులు వేసుకున్నట్టు, ఒకే అడవిలో, ఒకే పొలంలో తిరగదలచుకున్న వేర్వేరు మనుషుల మధ్య ఆదివారం ఒక వంతుగా నిలిచింది. ఆ నిషేధం అంతకాలం ఎందుకు నిలబడిందో, చివరికి ఎందుకు పడిపోయిందో ఆ వంతును బట్టే అర్థమవుతుంది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి సరదా వేటకు పూర్తిగా తలుపులు మూశాయి. పంటలను పాడుచేసే అడవిపందుల వంటి వాటి విషయంలో అధికారుల అనుమతితో జరిగే చర్యలను పక్కన పెడితే, ఏ రోజున వేటాడాలన్న ప్రశ్న ఇక్కడ పుట్టనే పుట్టదు. కనుమ నాడు కొన్ని ఆలయాల్లో జరిగే పారువేట ఉత్సవం మాత్రం వేటకు పంచాంగంలో ఒక రోజు ఉండేదన్న సంగతిని గుర్తుచేస్తూ మిగిలింది. పెన్సిల్వేనియాలో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ ఏటా 8 లక్షలకు పైగా వేట లైసెన్సులు అమ్ముడవుతాయి. ఇటీవలి చాలా సీజన్లలో 4 లక్షలకు పైగా తెల్లతోక జింకలు వేటలో పడ్డాయి. ఏ జంతువును, ఏ తేదీల మధ్య, ఏ ఆయుధంతో, మనిషికి ఎన్ని చొప్పున కొట్టవచ్చో 1895లో ఏర్పడిన గేమ్ కమిషన్ నిర్ణయిస్తుంది. అన్ని రోజుల మీదా ఆ సంస్థకు అధికారం ఇచ్చిన శాసనసభ ఆదివారాన్ని మాత్రం తన చేతిలోనే అట్టిపెట్టుకుంది. వన్యప్రాణి నిపుణుల బల్ల మీద తేలిపోవలసిన విషయం రాజకీయ నాయకుల దగ్గర ఇరుక్కోవడానికి కారణం ఇదే.

నిషేధం మూలం మతంలో ఉందనడంలో సందేహం లేదు. విలియం పెన్ స్థాపించిన ఈ వలసరాజ్యంలో 1682 నాటి తొలి చట్టాలే ఆదివారాన్ని విశ్రాంతి దినంగా పాటించాలని చెప్పాయి. అమెరికాలో ఇటువంటి నిబంధనలను ‘బ్లూ లాస్’ అంటారు. ఇంగ్లండులో 1831 నాటి గేమ్ చట్టం కూడా ఆదివారం, క్రిస్మస్ నాడు వేటపక్షులను చంపరాదని శాసించింది కాబట్టి, ఇది ఒక్క పెన్సిల్వేనియాకు పట్టిన పట్టుదల అనుకోనక్కరలేదు. కాలక్రమంలో ఈ చట్టాలు ఒక్కొక్కటిగా ఊడిపోయాయి. ఆదివారం బేస్‌బాల్ ఆటకు 1933లో ఓటర్లే స్థానిక ఎన్నికల ద్వారా దారి తెరిచారు. ఆ తర్వాత దుకాణాలు, మద్యం వంతు వచ్చింది. ఆదివారం కార్లు అమ్మడం మీద నిషేధం మాత్రం అక్కడ నేటికీ ఉంది. దానికి ఇప్పుడు అండగా నిలుస్తున్నది భక్తి కన్నా వారానికి ఒక రోజు షోరూం మూసుకోవాలనుకునే వ్యాపారుల సౌకర్యమే. వేట నిషేధంలో కూడా సందులు ఉండేవి. నక్కలను, కయోటీలనే తోడేలు జాతి జంతువులను, కాకులను ఆదివారం కొట్టనిచ్చేవారు, జింకను కొట్టనిచ్చేవారు కాదు. విశ్రాంతి దినపు పవిత్రత జింకకు వర్తించి నక్కకు వర్తించకపోవడాన్ని ఏ మతగ్రంథంతోనూ సమర్థించలేము. నక్క కోళ్లను ఎత్తుకుపోతుంది, జింక ఎత్తుకుపోదు అన్నదే అక్కడి లెక్క.

న్యాయస్థానాల దారి కూడా కొందరు తొక్కి చూశారు. ఆదివార చట్టాలు మతాన్ని ప్రజలపై రుద్దుతున్నాయన్న వాదనను అమెరికా సుప్రీంకోర్టు 1961లోనే, మేరీలాండ్‌కు చెందిన మెక్‌గవన్ కేసులో, తోసిపుచ్చింది. ఈ చట్టాలు పుట్టింది మతంలోనే అయినా, ఇప్పుడు అవి అందరికీ ఒకే రోజున విశ్రాంతి కల్పించే లౌకిక ప్రయోజనాన్ని నెరవేరుస్తున్నాయని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాసిన తీర్పు చెప్పింది. దుకాణంలో పనిచేసే గుమాస్తాకు ఈ తర్కం చక్కగా సరిపోతుంది. వేటగాడి దగ్గరికి వచ్చేసరికి అది తలకిందులవుతుంది, ఎందుకంటే వారమంతా కర్మాగారంలోనో ఆఫీసులోనో పనిచేసేవాడికి తెల్లవారుజామున చెట్టు మీద మంచె ఎక్కి కూర్చోవడమే విశ్రాంతి. అయినా కోర్టులు ఆ లోతుకు వెళ్లలేదు. ఆయుధాలు ధరించే హక్కులో ఆదివారం వేటాడే హక్కు కూడా ఉందంటూ పెన్సిల్వేనియా వేటగాళ్ల బృందం ఒకటి వేసిన దావాను 2014లో ఫెడరల్ జిల్లా కోర్టు కొట్టివేసింది. వినోదానికి చేసే వేట రాజ్యాంగ హక్కు కాదని తేలాక మళ్లీ శాసనసభ గడపే దిక్కయింది.

వేటగాళ్ల వాదనలో అన్నిటికన్నా బలమైనది కాలానికి సంబంధించినది. 1963 నుంచి 2018 వరకు రైఫిల్‌తో జింకలను వేటాడే సీజను, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం మొదలయ్యేది. ఆ సోమవారం గ్రామీణ పెన్సిల్వేనియాలో దాదాపు పండుగ రోజు. చాలా బడులు మూతపడేవి. కొండల్లో తాతల నాటి చెక్క గదులకు, వాళ్ల మాటల్లో ‘క్యాంపు’కు, కుటుంబంలోని మగవాళ్లంతా శనివారమే చేరుకుని, ఆదివారం తుపాకులు శుభ్రం చేసుకుంటూ, వంటలు వండుకుంటూ, పాత వేటకథలు చెప్పుకుంటూ గడిపేవారు. పల్లెల్లోని హోటళ్లకు, పెట్రోలు బంకులకు, విరాళాల మీద నడిచే స్వచ్ఛంద అగ్నిమాపక దళాల విందులకు ఆ ఆదివారమే గిరాకీ. వేట లేని ఆదివారం ఉండబట్టే సోమవారానికి ఆ కళ వచ్చిందన్న సంగతి నిషేధం ఎత్తివేయాలని కోరిన వేటగాళ్లలో కొందరు ఆలస్యంగా గ్రహించారు. 2019లో కమిషన్ ప్రారంభ దినాన్ని శనివారానికి మార్చినప్పుడు వచ్చిన అసంతృప్తి బయటివాళ్లది కాదు, తరతరాలుగా క్యాంపులు నడుపుతున్న వేటగాళ్లదే.

మార్పుకు కారణం మాత్రం కాదనలేనిది. సోమవారం మొదలై రెండో శనివారం ముగిసే సీజనులో మొత్తం 12 వేట దినాలు ఉన్నా, సెలవు దొరకని ఉద్యోగికీ బడికి వెళ్లే పిల్లవాడికీ అందులో దక్కేవి రెండు శనివారాలే. ఆ రెండింటిలో ఒకటి వానకు పోతే సీజను పోయినట్టే. 1982 ప్రాంతంలో 13 లక్షల దాకా ఉన్న లైసెన్సుల సంఖ్య ఇప్పుడు 9 లక్షల దరిదాపుల్లోకి పడిపోవడానికి తీరిక లేకపోవడం ఒక ముఖ్య కారణమని, ఆదివారం తెరిస్తే పిల్లలు, యువకులు తిరిగి వస్తారని వేట సంఘాలు వాదించాయి. ఈ వాదనలోని రెండో సగాన్ని కొంచెం తగ్గించి తీసుకోవాలి. ఆదివారం వేటకు ఆటంకం లేని విస్కాన్సిన్ వంటి చోట్ల కూడా వేటగాళ్ల సంఖ్య తగ్గుతూనే ఉంది. పల్లెలు ఖాళీ కావడం, వేట నేర్పే పెద్దలు పోవడం, పిల్లల చేతికి వేరే వ్యాపకాలు రావడం అనే కారణాలను ఒక అదనపు రోజు తుడిచిపెట్టలేదు. ఉన్నవాళ్లకు సౌకర్యం పెరుగుతుందన్నంత వరకు వాదన నిజం. పోయినవాళ్లు తిరిగి వస్తారన్నది ఆశ మాత్రమే.

ఇక అసలు ప్రతిఘటన రైతుల నుంచి వచ్చింది. రాష్ట్రంలో వేటకు పనికివచ్చే నేలలో ఎక్కువ భాగం ప్రైవేటు వ్యక్తులది. వేటగాడు పొలంలోకి రావాలంటే యజమాని ఒప్పుకోవాలి, అయితే ఆ ఒప్పుకోలు చాలాచోట్ల నోటిమాటే, కొన్నిచోట్ల అది కూడా ఉండదు. సీజను వచ్చిందంటే తెలియనివాళ్ల వాహనాలు గట్టు పక్కన ఆగడం, తుపాకీ చప్పుళ్లకు పశువులు బెదరడం, తెరిచిన దడి మూయకుండా వెళ్లిపోవడం రైతుకు కొత్త కాదు. ఆరు రోజులు భరిస్తున్నాం, ఏడో రోజయినా మా పొలంలో మమ్మల్ని ప్రశాంతంగా ఉండనివ్వండి అన్నదే వారి మాట. ఆ మాటకు మతం తొడుగు ఉంటే ఉండవచ్చు. పాతకాలపు పద్ధతుల్లో జీవించే క్రైస్తవ శాఖకు చెందిన లాంకాస్టర్ ప్రాంతపు ఆమిష్ రైతులైతే పాలు పితకడం వంటి తప్పని పనులు మినహా ఆదివారం పొలం పని కూడా చేయరు. కానీ రైతుల సంఘమైన పెన్సిల్వేనియా ఫార్మ్ బ్యూరో ఏళ్ల తరబడి శాసనసభ్యుల ముందు పెట్టిన ఫిర్యాదులో ప్రధానాంశం అనుమతి లేకుండా పొలంలోకి చొరబడడమే. అలా చొరబడిన వేటగాడిని మరేదైనా నేరంలో పట్టుకుంటే తప్ప, వేట చట్టాలను అమలుచేసే గేమ్ వార్డెన్ ఆ ఒక్క కారణం మీద కేసు పెట్టలేని పాత నిబంధన వారికి పెద్ద ఇబ్బందిగా ఉండేది.

2019 నవంబరులో అప్పటి గవర్నర్ టామ్ వుల్ఫ్ సంతకం చేసిన చట్టం ఈ ముడిని విప్పింది. సెనేటర్ డాన్ లాఫ్లిన్ ప్రవేశపెట్టిన ఆ బిల్లు ఏడాదికి మూడంటే మూడే ఆదివారాలు ఇచ్చింది: ఒకటి విల్లుతో జింకల వేట సీజనులో, ఒకటి రైఫిల్ సీజనులో, మూడోది కమిషన్ ఇష్టానికి. బదులుగా, ప్రైవేటు భూమిలో ఆదివారం వేటాడేవారి దగ్గర యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలన్న షరతు పెట్టింది. వేట పేరుతో చొరబడడాన్ని దానంతటదే కేసు పెట్టదగిన నేరంగా మార్చింది. ఈ రెండూ చేరాక ఫార్మ్ బ్యూరో అడ్డు తప్పుకుంది. 2020 నవంబరు 15, 22, 29 తేదీల్లో తొలి మూడు ఆదివారాలు గడిచాయి; రైతులు భయపడినంత గందరగోళం ఏదీ జరగలేదు. నిషేధం నిజంగా బలహీనపడింది ఆ రోజుల్లోనే. రైతు కోరుకున్నది ఆదివారాన్ని కాదు, తన గట్టు మీద తన మాట చెల్లుబాటు కావడాన్ని. ఇన్నాళ్లూ ఆ మాటను వారానికి ఒక రోజైనా చెల్లుబాటు చేసే సాధనం నిషేధం ఒక్కటే కాబట్టి దాన్ని పట్టుకున్నాడు. చెల్లుబాటుకు వేరే దారి దొరకగానే పట్టు సడలింది.

2025 నాటికి రైతుల వైఖరి మరో అడుగు మారింది. మొక్కజొన్న, సోయా చేలల్లో, పండ్ల తోటల్లో జింకల నష్టం భరించలేని స్థాయికి చేరడంతో, ఒకప్పుడు అడ్డుకున్న ఫార్మ్ బ్యూరోయే పూర్తి రద్దును సమర్థించింది. ప్రతినిధుల సభలో బిల్లు పెట్టిన మాండీ స్టీల్ అలెగెనీ కౌంటీకి చెందిన డెమోక్రాట్. 2019 బిల్లు పెట్టిన లాఫ్లిన్ రిపబ్లికన్ అన్న సంగతి గుర్తు చేసుకుంటే, ఈ వివాదం పార్టీల గీత మీద నడవలేదని తెలుస్తుంది. పట్టణాల అంచుల్లో పెరటి మొక్కలను జింకలు తినేయడం, రోడ్ల మీద కార్లకు అడ్డుపడడం నగర ప్రతినిధులకు కూడా సొంత సమస్యే. పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు జింక అంటే బంగారు లేడి గుర్తుకు రావడం పోయి, పెంచిన గోంగూరను, వంకాయ మొక్కలను మిగల్చని జంతువుగా పరిచయమై చాలాకాలమే అయింది.

ఇదే ముడి అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో విడలేదు, అక్కడి నేల పరిస్థితే దానికి కారణం. ఆ రాష్ట్రంలో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటుదే అయినా, యజమాని ‘వద్దు’ అని బోర్డు పెట్టనంత కాలం ఎవరైనా అందులో నడవవచ్చు, వేటాడవచ్చు అన్నది అక్కడి ఆనవాయితీ. అది రాతలో లేని ఔదార్యం. ఆదివారం కూడా తెరిస్తే బోర్డులు పెడతామని భూయజమానులు అన్నప్పుడు, ఏడో రోజు కోసం మిగతా ఆరు రోజులనూ పోగొట్టుకునే ప్రమాదం వేటగాళ్లకే ఎదురైంది. అందువల్ల అక్కడ నిషేధాన్ని కాపాడుతున్నవారిలో వేట గైడ్లు, వేటగాళ్లు కూడా ఉన్నారు. 2021లో మెయిన్ ఓటర్లు తమ ఆహారాన్ని తామే పండించుకునే, సేకరించుకునే హక్కును రాజ్యాంగంలో చేర్చారు. దాని ఆధారంగా ఒక దంపతులు ఆదివారం నిషేధాన్ని సవాలు చేస్తే, 2024 మార్చిలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నిషేధమే చెల్లుతుందని తీర్పు చెప్పింది. అనుమతి కాగితం మీదికి ఎక్కిన పెన్సిల్వేనియాలో వంతు చెదిరింది. అనుమతి మౌనంలోనే ఉన్న మెయిన్‌లో వంతు మిగిలింది.

ఈ రాజీల్లో తమ మాట చెల్లనివారు ఒకరున్నారు: అడవిలో నడిచేవారు, గుర్రపు స్వారీ చేసేవారు, పక్షులను చూడవచ్చేవారు. పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ చేతిలో దాదాపు 15 లక్షల ఎకరాల వేట భూములు ఉన్నాయి. అవి లైసెన్సు రుసుములతోనూ, తుపాకులు, తూటాల మీది పన్నులో 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రాష్ట్రానికి వచ్చే వాటాతోనూ సమకూరినవి కాబట్టి, డబ్బు పెట్టినవాడికే మొదటి హక్కు అని వేటగాళ్లు అంటారు. లెక్క ప్రకారం ఆ మాటకు బదులు లేదు. అయితే పాత నియమాల్లోనే ఒక ఆసక్తికరమైన ఒప్పుకోలు ఉంది. ఈ భూముల్లో నవంబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు నడిచే మామూలు మనుషులు కూడా 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు బట్ట వేసుకోవాలన్న నిబంధన నుంచి ఆదివారాలను మినహాయించారు. సీజనులో గుర్రాల మీద, సైకిళ్ల మీద తిరగడానికి ఉన్న ఆంక్షలకు కూడా ఆదివారం మినహాయింపు ఉండేది. అంటే ఆ భూములను నడిపే సంస్థ సైతం ఆదివారాన్ని తుపాకీ పట్టనివాళ్ల వంతుగానే లెక్కవేసిందన్నమాట. రైతుకు 2019లో రాతపూర్వక అనుమతి అన్న ప్రతిఫలం దక్కింది. నడిచేవారికి మాత్రం ప్రతిఫలంగా ఏమీ రాలేదు. వారికి పొలాలు లేవు, సంతకం పెట్టడానికి నిరాకరించే అవకాశం లేదు. ఈ వివాదంలో అన్యాయం అంటూ ఏదైనా జరిగిందంటే అది ఇక్కడే జరిగింది.

చర్చిల అభ్యంతరాలకు మాత్రం దక్షిణాది రాష్ట్రాలు గడియారంతోనూ టేపుతోనూ జవాబు చెప్పాయి. నార్త్ కరోలినా 2015లో ప్రైవేటు భూముల్లో ఆదివారం వేటను అనుమతించినప్పుడు, ఉదయం 9.30 నుంచి మధ్యాహ్నం 12.30 వరకు తుపాకీ వేట ఆపాలని, ప్రార్థనా మందిరానికి 500 గజాల లోపు కాల్చరాదని షరతులు పెట్టింది. వర్జీనియా 2014లో ఆ దూరాన్ని 200 గజాలుగా నిర్ణయించి, 2022లో ప్రభుత్వ భూములను కూడా తెరిచింది. భక్తిని గజాల్లో కొలవగలిగాక మతపరమైన అభ్యంతరంలో మిగిలేది పెద్దగా ఉండదు.

జంతువుల సంగతి చివరికి రావడం యాదృచ్ఛికం కాదు. వాదనలో దాని స్థానమే అది. ఎన్ని జింకలు చావాలన్నది ఎక్కువగా అనుమతి పత్రాల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఆడజింకల పత్రాలు ఇన్నే అని కమిషన్ ముందే నిర్ణయించినప్పుడు, ఒక రోజు పెరిగితే అవే పత్రాలు కొంచెం ముందుగా, మరికొన్ని ఎక్కువ చేతుల ద్వారా ఖర్చవుతాయి. వారానికి ఒక రోజు నిశ్శబ్దం జింకలకు ఊరటనిస్తుందన్న మాట మనసుకు నచ్చేదే గాని, వేట ఒత్తిడి పెరిగినప్పుడు అవి రాత్రి పూట తిరగడం, వేటగాడు అడుగుపెట్టని దట్టమైన పొదల్లోకి జరిగిపోవడం అనే అలవాట్లతోనే ఎక్కువగా తట్టుకుంటాయి.

జంతువుల విశ్రాంతినే లక్ష్యంగా పెట్టుకున్న దేశం రోజును వేరుగా ఎంచుకుంటుంది. ఇటలీలో 1992 చట్టం మంగళవారం, శుక్రవారం వేటను నిషేధించి ఆదివారాన్ని వేటగాళ్లకే వదిలేసింది. ఫ్రాన్స్‌లో చర్చ దీనికి అచ్చంగా ఎదురు దిశలో నడుస్తోంది. అక్కడ ఆదివారం వేట అనాదిగా ఉన్నదే. దాన్ని ఆపాలన్నది నడకకు వెళ్లేవారి డిమాండు. గుంపుగా అడవిపందులను తరిమి కాల్చే వేట అక్కడ ఎక్కువ కాబట్టి, తూటా దారితప్పే భయానికి ఆధారం లేకపోలేదు: 2021–22 సీజనులో 90 ప్రమాదాలు, 8 మరణాలు నమోదు కాగా, చనిపోయినవారిలో ఇద్దరు వేటగాళ్లు కారు. 2000లో తెచ్చిన వేటలేని బుధవారాన్ని 2003లోనే ఎత్తివేసిన ఫ్రాన్స్, 2023 జనవరిలో ప్రకటించిన భద్రతా ప్రణాళికలో ఆదివారం నిషేధాన్ని పక్కన పెట్టి, మద్యం తాగి వేటాడడం మీద ఆంక్షలతో సరిపెట్టింది.

పెన్సిల్వేనియా 2025లో తెరిచిన 13 ఆదివారాల జాబితాలో బాతులు, పెద్దబాతులు, అడవి గువ్వలు వంటి వలస పక్షులు లేవు. వాటి సీజనును ఫెడరల్ ప్రభుత్వం నియంత్రిస్తుంది. 1916లో కెనడా తరఫున బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఏ జాతికైనా ఏడాదిలో 107 రోజులకు మించి వేట ఉండరాదు. ఆదివారం వేటను చట్టం అనుమతించని రాష్ట్రాలకు ఆ ఆదివారాలను లెక్కలోంచి తీసి, సీజను చివర అదనపు రోజులుగా ఇచ్చే పద్ధతి ఉంది. ఆదివారం తెరిస్తే ఆ రోజులు పోతాయి, సీజను ముందుగానే ముగిసిపోతుంది. జింకల కోసం దశాబ్దాల పాటు ఆదివారం అడిగిన రాష్ట్రంలో బాతుల విషయానికి వచ్చేసరికి ఆదివారాన్ని మూసి ఉంచడమే వేటగాడికి లాభంగా తేలింది.